కాపురం కోర్టుకెక్కినా... ఇల్లు అప్పుల పాలు కాకూడదు!

పసుపు, చెరకు, అరటి పండించే తోట్లవల్లూరు ప్రాంతంలో అప్పు లేకుండా సేద్యం సాగడం అరుదు. విత్తనానికి అప్పు, ఎరువుకి అప్పు. పంట చేతికొచ్చాక తీర్చడం. సంసారం సాఫీగా సాగినన్నాళ్ళూ ఆ కాగితాల్లో ఏముందో మనం అడగం. ‘సంతకం పెట్టు’ అంటే పెట్టేస్తాం. మాటా మాటా పెరిగి వ్యవహారం ఫ్యామిలీ కోర్టుకెక్కాక ఆ సంతకాలే మన మెడకి చుట్టుకుంటాయి.

ముందు ఒక సంగతి తెలుసుకోండి. పెళ్ళయినంత మాత్రాన భర్త ఆస్తిలో సగం భార్యది అయిపోదు. అలాగే ఆయన చేసిన అప్పుకి, మీరు సంతకం పెట్టకపోతే, మీరు బాధ్యులు కారు. ఇల్లు ఇద్దరి పేరునా ఉంటే ఆయన సొంత అప్పుకి ఆయన వాటానే జప్తు చెయ్యాలి. మీ వాటా జోలికొస్తే అదే కోర్టులో క్లెయిమ్ పిటిషన్ వేసుకోవచ్చు.

హామీ సంతకం చేశారా? అప్పు తీసుకున్నవారితో సమానంగా మీరూ బాకీదారే! మళ్ళీ మళ్ళీ వాడుకునే ఖాతాకి హామీ ఉంటే, ‘ఇకమీదట ఇచ్చే అప్పులకు నా హామీ లేదు’ అని అప్పిచ్చినవారికి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. పాత బాకీ మాత్రం తప్పదు.

పుట్టింటివారు పెట్టిన బంగారం మీ స్త్రీధనం. అది పూర్తిగా భార్యదేనని 1985లో సుప్రీంకోర్టు చెప్పింది. పసుపు కుంకుమల కింద పొలం నోటిమాటగా ఇచ్చి ఉంటే ఆలస్యం చెయ్యకుండా రిజిస్టరు చేయించుకోండి.

పొలం పిత్రార్జితమైతే పిల్లల వాటా సంగతీ చూడండి. మన కృష్ణా జిల్లా నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి.రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1986లో ఆడపిల్లలకూ ఉమ్మడి ఆస్తిలో హక్కునిస్తూ చట్టం వచ్చింది. 2005లో దేశమంతటికీ వచ్చింది.

కేసు వేసేటప్పుడు...

* సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయించండి. ఏ పొలం ఎక్కడ తాకట్టులో ఉందో తెలుస్తుంది. ముందే తాకట్టు పడితే బ్యాంకు హక్కు పోదు.
* భరణం ఒక్కటే అడిగి ఊరుకోకండి. ఆ భరణానికి ఫలానా పొలం మీద ఛార్జి ఇమ్మని సర్వే నెంబరుతో సహా అడగండి. కేసు నడుస్తుండగా ఆ పొలం కొన్నవారు కూడా తీర్పుకి కట్టుబడాలి.
* అమ్మకుండా, తాకట్టు పెట్టకుండా ఇంజంక్షను అడగండి. గృహహింస కేసులో అయితే, 2005 చట్టం కింద ఉమ్మడి బ్యాంకు ఖాతా, లాకరు ముట్టుకోకుండా మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చు.

రాజీ కుదిరితే కాగితం చదవందే సంతకం పెట్టకండి. మన రాష్ట్రం నుంచే వెళ్ళిన తులసమ్మ కేసు చూడండి. వితంతువైన ఆమెకి భరణం కింద భర్త సోదరుడు ఇచ్చిన ఆస్తిని, బతికున్నంతకాలం అనుభవించడానికే అని రాజీలో రాశారు. 1977లో సుప్రీంకోర్టు అది ఆమెకి సంపూర్ణ హక్కేనంది. కానీ అందుకోసం ఆమె ఢిల్లీ దాకా పోరాడాల్సి వచ్చింది కదా!

వకీలుకి ఇచ్చే స్తోమతు లేదని దిగులు పడకండి. ఆదాయంతో పనిలేకుండా ఆడవారికి ఉచిత న్యాయ సహాయం చట్టమిచ్చిన హక్కు. 15100కి ఫోను చెయ్యండి, లేదా దగ్గర్లోని కోర్టులో న్యాయ సేవల కమిటీని కలవండి. ఈలోగా బీరువాలోని దస్తావేజులన్నిటికీ ఒక్కో జిరాక్సు తీసి అమ్మగారింట్లో దాచుకోండి.