కరోకే ట్రాకుపై కష్టమైన పాట

హైదరాబాదులో వనస్థలిపురం నుంచి ఎల్బీ నగర్ మీదుగా దిల్‌సుఖ్‌నగర్ దాకా పరుచుకున్న కాలనీలలో వినాయక నవరాత్రులకైనా, అపార్ట్‌మెంటు వేడుకకైనా, పదవీ విరమణ సన్మానానికైనా ఒక స్పీకరు, రెండు మైకులు, ఫోనులో దాచుకున్న కరోకే ట్రాకులతో పాటకచేరీ జరుపుకోవడం ఇప్పుడు మామూలైంది. గాయకుని గొంతు లేకుండా వాద్యసంగీతం మాత్రమే ఉండే రికార్డింగును ట్రాకు అంటారు. మైకు అందుకునేవారిలో ఎక్కువమంది సంగీతం నేర్చినవారు కారు. వారు కోరుకునే పాటలు మాత్రం ఘంటసాల, సుశీల, జానకి, బాలసుబ్రహ్మణ్యం పాడినవి. పల్లవిలో నిలకడగా సాగిన పాట చరణంలో పైస్థాయికి చేరేసరికి గొంతు జీరపోవడం, పాడేవారు సగంలో ఆగి మైకును పక్కవారికి అందించడం, తమకు గొంతు లేదని తీర్మానించుకుని మళ్ళీ ఆ పాట జోలికి పోకపోవడం ఇటువంటి చోట్ల తరచుగా కనిపిస్తాయి. ఆ తీర్మానం చాలా సందర్భాలలో సరైనది కాదు. కష్టంలో పెద్ద భాగం వేరొకరి గొంతుకు కొలిచి కట్టిన శ్రుతిలో, వేరొకరి ఊపిరికి కుదిరిన నడకలో ఉంటుంది. ఆ రెండింటినీ మార్చుకోవచ్చు.

జపానులో పుట్టిన కరోకే చరిత్ర ఈ మాటనే బలపరుస్తుంది. టోక్యోలో నెగిషి షిగెఇచి 1967లోనే పాటకు వాద్యం వినిపించే పెట్టెను తయారు చేసినప్పటికీ, కరోకే వ్యాప్తికి కారకుడుగా ఎక్కువగా పేరు పొందినవాడు కోబె నగరపు మద్యశాలలలో అతిథుల పాటకు కీబోర్డు వాయించిన ఇనొవే దైసుకే. ఒక చిన్న సంస్థ యజమాని తనతో విహారయాత్రకు వచ్చి వాయించమని అడిగినప్పుడు, వెళ్ళే వీలులేక ఇనొవే ఆయన గొంతుకు తగినట్టుగా వాద్యాన్ని టేపు మీద రికార్డు చేసి ఇచ్చాడు. ఆ అనుభవంతోనే 1971లో '8 జూక్' అనే యంత్రాలను పదకొండింటిని చేయించి కోబెలో అద్దెకు పెట్టాడు. అంటే ఈ ఆలోచనకు మూలమైన టేపు పాడేవాడి కొలతకు తగ్గట్టు తయారైనదే. ప్రస్తుతం ఫోనులో దొరికే ట్రాకు మాత్రం అసలు గాయకుని శ్రుతిలో బిగించి ఉంటుంది కాబట్టి, దానిని తిరిగి తన కొలతకు తెచ్చుకోవలసిన పని పాడేవారిదే.

శ్రుతి అంటే పాట మొత్తానికి ఆధారంగా నిలిచే షడ్జం ఎత్తు. ఒక స్థాయిలో ఉండే 12 స్వరస్థానాలలో ఒక్కొక్క మెట్టు చొప్పున శ్రుతిని పెంచుకునేందుకు, తగ్గించుకునేందుకు జపాను కరోకే యంత్రాలలో ప్రత్యేకంగా మీటలు ఉంటాయి. నడక చెడకుండా ఇదే పని చేసే యాప్‌లు ఫోనులోనూ ఉన్నాయి. కర్ణాటక సంగీతంలో పురుషులు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర శ్రుతుల ప్రాంతంలోనూ, స్త్రీలు నాలుగున్నర నుంచి ఐదున్నర దాకానూ పాడతారు కనుక, ఘంటసాల పాటను ఒక గృహిణి అదే శ్రుతిలో పాడబోతే కింది స్వరాలు గాలిలో కలిసిపోవడం సహజం. శ్రుతి మార్చి పాడటం మూలగాయకునికి అగౌరవమనే భావన తెలుగువారిలో కొంత ఉంది. అది వదులుకోదగిన భావన. ముందుగా పాటలోని అతి కింది స్వరం, అతి పై స్వరం ఏ మాటల దగ్గర వస్తున్నాయో గుర్తించి, ఆ రెండు చోట్లను మాత్రమే వేరువేరు శ్రుతులలో పాడి చూసి, రెండూ గొంతుకు అందే శ్రుతిని ఎంచుకోవడం మేలు. నాలుగైదు మెట్లకు మించి జరిపితే వాద్యాల నాదం అసహజంగా మారుతుంది కాబట్టి, అంత తేడా అవసరమైనప్పుడు తగిన శ్రుతిలో కట్టిన వేరే ట్రాకును వెతుక్కోవాలి. యుగళగీతాలలో మాత్రం ఇద్దరికీ శ్రుతి ఒక్కటే కావడంతో, ఎవరో ఒకరు కొంత సర్దుకోక తప్పదు.

శ్రుతి కుదిరిన తరువాత కూడా లొంగని పాటలు ఉన్నాయి. 1961లో విడుదలైన 'జగదేకవీరుని కథ' కోసం పెండ్యాల నాగేశ్వరరావు స్వరపరచగా ఘంటసాల పాడిన 'శివశంకరీ' వాటిలో మొదట చెప్పవలసినది. ఈ పాట రాగమైన దర్బారీ కానడలో గాంధార, ధైవతాలను నిలిపి పలకక, మెల్లగా ఊగిస్తూ పలకాలి. ఈ ఊగిసలాటే ఆ రాగానికి ప్రాణం. స్వరాన్ని ఇలా కదిలించి పలికే పద్ధతిని గమకం అంటారు. సాహిత్యం చూపే తెర దానిని చూపలేదు కనుక, మాటలు కంఠస్థమైనంత మాత్రాన పాట రాదు. జపానులో 'ఎన్కా' అనే సంప్రదాయ ఛాయగల పాటలలో 'కొబుషి' అనే స్వరకంపం ఇటువంటిదే. అక్కడి మార్కులు వేసే యంత్రాలు కొబుషి ఎన్నిసార్లు పలికిందో కూడా లెక్కిస్తాయి. గమకానికి దగ్గర దారి లేదు: ఒక్క పంక్తిని మాటలు లేకుండా ఆకారంలో, సగం వేగంతో, మూలగానం పక్కన పెట్టుకుని పలుమార్లు పాడాలి. 'శివశంకరీ' చివరి భాగంలో వేగంగా పరిగెత్తే స్వరాలు పలకనివారు వాటిని కొంత కుదించి తాళం తప్పకుండా ముగించినా శ్రోతలు ఆదరిస్తారు. వాటి వెంట పరుగెత్తి తాళం తప్పితే పాట మొత్తం కూలుతుంది. శాస్త్రీయంగా శిక్షణ పొందని ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం 'శంకరాభరణం' పాటలను కె.వి. మహదేవన్ సహాయకుడు పుహళేంది వద్ద సాధన చేసి పాడి జాతీయ పురస్కారం అందుకున్న సంగతి ఇక్కడ ధైర్యమివ్వాలి.

ఊపిరి కష్టం వేరు. 'ఓ పాపా లాలి' చిత్రంలో ఇళయరాజా స్వరపరచిన 'మాటే రాని చిన్నదాని' చరణాలలో ఊపిరికి విరామం దొరకదు. స్టూడియోలో పాటను భాగాలుగా రికార్డు చేసి అతికే వీలున్నదని గుర్తుంచుకుంటే, కరోకేలో ఒకటి రెండు చోట్ల ఊపిరి తీసుకోవడం తప్పనిపించదు. అయితే ఆ చోట్లను ముందే కాగితం మీద గీత పెట్టి నిర్ణయించుకోవాలి, సమాసం మధ్యలో కాకుండా పదం విరిగే చోట తీసుకోవాలి. భుజాలు ఎగరేసి ఛాతీతో పీల్చే ఊపిరి త్వరగా అయిపోతుంది. పొట్ట కదిలేలా పీల్చినది నిలుస్తుంది.

మాటల వేగంలో 'నాటు నాటు' వంటి పాటలు పరీక్ష పెడతాయి. జపాను యువత నిమిషానికి 240 దరువుల 'హత్సునె మికు నో షోషిత్సు' అనే పాటతో పోటీపడుతుంది. అది మనిషి కోసం కాక, కంప్యూటరు గొంతు కోసం రాసినది. ఇటువంటి వాటికి రాగం పక్కన పెట్టి, చిటికె వేస్తూ మాటలను వచనంగా చదివే సాధన పనిచేస్తుంది. ఒత్తులు, ద్విత్వాలు స్పష్టంగా పలికితే వేగం దానంతట అదే వస్తుంది. వేగంతో సంబంధం లేని కష్టాలూ ఉన్నాయి: జపాను బృందం కింగ్ గ్నూ 2019లో విడుదల చేసిన 'హకుజిత్సు'లో నిండు గొంతు నుంచి సన్నని కృత్రిమ స్వరానికి మారడం కష్టం కాగా, సిద్ శ్రీరామ్ పాడిన 'సామజవరగమన'లో స్వరం నుంచి స్వరానికి జారే తీరే అసలు సమస్య.

పరికరాల వల్ల కలిగే పొరపాట్లు కూడా గొంతు ఖాతాలో పడుతున్నాయి. బ్లూటూత్ స్పీకరులో శబ్దం ఆలస్యంగా వెలువడుతుంది కాబట్టి, దాని ద్వారా తన గొంతును వింటూ పాడేవారు తాళానికి వెనుకబడతారు. తీగ మైకు, తీగతో కలిపిన స్పీకరు ఈ తిప్పలు తప్పిస్తాయి. జపానులో 2011 నుంచి ఒంటరిగా సాధన చేసుకునేవారి కోసమే ప్రత్యేకమైన కరోకే గదుల శాలలు వచ్చాయి. గోడకు గోడ ఆనుకున్న వనస్థలిపురం ఫ్లాట్లలో ఆ వసతి లేదు. 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళను పరిమితిగా పెట్టి, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లను నిషేధించాయి. అందువల్ల ఇంటి సాధనకు ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టి ట్రాకు వింటూ, రెండో చెవితో సొంత గొంతు వింటూ, మరో ఫోనులో దానిని రికార్డు చేసుకుని, శ్రుతి ఏ మాట దగ్గర తప్పిందో గుర్తించి, ఆ ఒక్క పంక్తినే మరునాడు మళ్ళీ పాడుకోవడం అనువైన మార్గం.