ఫ్లారెన్సు గోడయు, గోదావరి పటములును

బోగోలు వంటి తీరగ్రామములందును మైకెలాంజిలో, రాఫెయిలు మొదలగు పాశ్చాత్య చిత్రకారుల పేర్లెరిగిన గృహస్థులు కలరు. అందు తప్పులేదు. కాని వారిలో బిట్రగుంటలో రైలెక్కి రాజమహేంద్రవరమున దిగి, దామెర్ల రామారావు పటములను చూచినవా రెందరు?

ఇటలీ చిత్రకారుడు మసాచ్చియో 1401లో జన్మించి, ఇరువదియేడేండ్లు నిండకయే 1428లో గతించెను. ఫ్లారెన్సు నగరమున కార్మినే దేవాలయములోని యొక చిన్న మందిరపు గోడలపై నతడు చిత్రించినది సగములో నిలిచిపోయెను. పూర్వుల చిత్రములందు మూర్తులు బంగారుపూతపై నతికించినట్లుండెడివి. ఇతని మనుష్యులో, నేలపై కాలూని నిలిచిరి. వారికి నీడ కలిగెను. పీటరు నడచిపోవుచుండ నాతని నీడ సోకి రోగులు లేచు చిత్రమొక్కటి చాలును. ఆ గోడయే తరువాతివారికి పాఠశాల. బాలుడగు మైకెలాంజిలో అచటనే చిత్రలేఖన మభ్యసించెను. తోడి విద్యార్థిని ఎగతాళిచేసి ముక్కు విరుగగొట్టించుకొన్నదియు నప్పుడే!

రామారావు 1897లో జన్మించి, 1925 ఫిబ్రవరి 6వ తేదీన మశూచికముచే మృతినొందెను. ఇరువదియెనిమిదేండ్లు నిండలేదు. ఆయన ప్రతిభను కనిపెట్టి బొంబాయి చిత్రకళాశాలకు పంపినవాడు ఆంగ్లేయుడు, రాజమహేంద్రవర కళాశాలాధ్యక్షుడు ఆస్వాల్డు కూల్డ్రే. పాలకజాతివాడను కారణమున ఈ ఋణమును దాచుట మాకు సమ్మతము కాదు. స్వయముగ చిత్రకారుడయ్యు నాతడు శిష్యులను అజంతాకు గొనిపోయి, మీ పెద్దల పని చూడుడనెను.

పాశ్చాత్యరీతిని తాకుటయే స్వదేశీయమునకు ద్రోహమని తలంచువారు నాడు పెక్కుమంది. రామారావు దేహనిర్మాణజ్ఞానమును బొంబాయిలో నేర్చెను, రేఖను అజంతా గుహలయందు వెదకెను, వనితలను మాత్రము గోదావరి యొడ్డుననే చూచెను. ఆయన ‘ఋశ్యశృంగ బంధనము’ 1922లో కలకత్తా ప్రదర్శనమున ప్రథమ బహుమానము పొందెను. 1923లో స్వస్థలమున చిత్రకళాశాలను స్థాపించెను; రెండేండ్లకే కన్నుమూసెను. మిత్రుడు వరదా వెంకటరత్నము దానిని నిలుపుకొనెను. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మయు చిత్రలేఖకులే.

మసాచ్చియో గోడ 1771 నాటి యగ్నిప్రమాదమును దాటినది. 1980వ దశకమున ఏండ్లతరబడి దాని మసి నతిజాగరూకతతో తొలగించిరి. రామారావు నీటిరంగుల పటములు కాగితముపైనివి. రాజమహేంద్రవరమున ఆయన పేరిటి చిత్రశాలలో, గోదావరికి కూతవేటు దూరమున, ఆ నదీతీరపు తేమలోనే యున్నవి.