నూటికి నలుగురు: పక్షవాతానికి అరుదైన కారణాలు

బర్మాలోని యాంగోన్‌లో సంచౌంగ్ చిన్న టౌన్‌షిప్. 2014 జనాభా లెక్కల్లో అక్కడ తేలింది దాదాపు లక్ష మంది. లెక్కకు వీలైన సంఖ్య కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం. 2019లో ప్రపంచమంతటా కొత్తగా వచ్చిన పక్షవాతం కేసులు 1.22 కోట్లు. అందులో 76 లక్షలు మెదడుకు వెళ్ళే రక్తనాళం పూడుకుపోవడం వల్ల వచ్చినవి, మిగతావి రక్తస్రావం వల్ల వచ్చినవి. అప్పటి జనాభా సుమారు 770 కోట్లు. ఆ 76 లక్షలను భాగించి చూస్తే లక్ష మందికి ఇంచుమించు వంద. ప్రపంచ సగటే సంచౌంగ్‌కూ వర్తిస్తుందనుకుంటే అక్కడి మ్యేనిగోన్ కూడలి చుట్టుపక్కల వీధుల్లో ఏటా వంద మందికి నాళం పూడుకుని కాలో చెయ్యో పడిపోతుందన్నమాట.

ఆ వంద మందిని కారణాలవారీగా విడదీయడానికి మన హైదరాబాద్ లెక్క పనికొస్తుంది. నిమ్స్‌లో డాక్టర్ సుభాష్ కౌల్ బృందం 392 మంది రోగులను పరిశీలించి 2002లో ఒక పట్టిక ప్రచురించింది. పెద్ద ధమనుల్లో కొవ్వు పేరుకున్నవారు నూటికి 41, సన్న నాళాలు మూసుకున్నవారు 18, గుండె నుంచి గడ్డ కొట్టుకొచ్చినవారు 10, 'ఇతర కారణం' ఫలానా అని తేలినవారు 4, ఎంత వెతికినా తేలనివారు 27. 1993లో అమెరికాలో రూపొందిన టోస్ట్ వర్గీకరణలోని అయిదు గదులివి.

ఈ కథనం ప్రధానంగా నాలుగో గది గురించి. నలుగురే కదా అనిపిస్తుంది. కానీ ఆ నలుగురిలో చాలామంది యాభై దాటనివారు, బీపీ, షుగర్ లేనివారు, 'వీడికెందుకొచ్చిందిరా భగవంతుడా' అని ఇల్లంతా విస్తుపోయే రకం. వీళ్ళకు మిగతావారిలో చాలామందికి రాసే ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్ర రాసి పంపేస్తే సరిపోదు. అసలు జబ్బు లోపలే ఉంటుంది, మళ్ళీ కొడుతుంది.

మొదటి గంటల వైద్యం మాత్రం కారణం ఏదైనా దాదాపు ఒకటే. నాళం పూడుకున్నప్పుడు నిమిషానికి 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని 2006లో ఒక అమెరికన్ లెక్క తేల్చింది. లక్షణం మొదలైన నాలుగున్నర గంటల్లోపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వవచ్చు. ఆల్టెప్లేజ్ అయితే కిలో బరువుకు 0.9 మిల్లీగ్రాములు, మొత్తం 90 దాటకూడదు. పెద్ద నాళం పూడుకుంటే తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి గడ్డను లాగేస్తారు. దానికి గడువు మామూలుగా 6 గంటలు. 2018లో వచ్చిన రెండు పరిశోధనల తర్వాత ఎంపిక చేసిన రోగుల్లో 24 గంటల దాకా పెరిగింది. అయితే ఇక్కడే ఒక మెలిక. గుండె కవాటానికి ఇన్ఫెక్షన్ పట్టి, అక్కడి తునక మెదడులోకి కొట్టుకొచ్చిన మనిషికి కరిగించే మందు ఇస్తే మెదడులో రక్తం చిమ్మే ప్రమాదం ఎక్కువ, అందుకే ఇవ్వరు. 'రెండు వారాలుగా జ్వరం వస్తోంది' అన్న ఒక్క ముక్క ఇంట్లోవాళ్ళు డాక్టరుకు చెప్పకపోతే ఎంత నష్టమో చూడండి. పావురం రక్తం పూస్తే నయమవుతుందని నమ్మి తిరుగుతూ ఆ నాలుగున్నర గంటలూ పోగొట్టుకునేవాళ్ళ గురించి ఇక చెప్పేదేముంది!

మెడ దగ్గరకు వద్దాం. మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాలుగు ధమనులూ మెడలోంచే పోతాయి. ఒక్కోసారి ధమని లోపలి పొర చిరిగి, ఆ చీలికలోకి రక్తం దూరి, దారి ఇరుకై గడ్డ కడుతుంది. మొత్తం నాళం పూడిన పక్షవాతాల్లో ఇది నూటికి రెండే. కుర్రవయసు వాళ్ళలో మాత్రం 10 నుంచి 25 దాకా ఉంటుంది. బండి మీద నుంచి పడటం, బరువెత్తడం, గట్టిగా దగ్గడం, ఒక్కోసారి ఏమీ లేకుండానే రావడం కూడా ఉంది. మంగలి షాపులో చేసే పనిని ఒక్కసారి దగ్గరగా చూడండి. క్షవరం అయిపోతుంది, తలకు నూనె పెట్టి మర్దన చేస్తాడు, చివర్లో గడ్డం ఒక చేత్తో, నడినెత్తి ఒక చేత్తో పట్టుకుని టక్కున తిప్పుతాడు. 'టప్' మని చప్పుడొస్తే మనకు హాయి. సరిగ్గా ఆ మెలిక పడేచోటే వెన్నుపూసల కంతల్లోంచి వెనక ధమనులు మెదడుకు ఎక్కుతాయి. 2024లో బళ్ళారిలో ఒక యువకుడికి ఇలాంటి మెడ విరుపు తర్వాతే పక్షవాతం వచ్చిందని పత్రికల్లో వచ్చింది. తలను వెనక్కి వాల్చి బేసిన్ అంచు మీద పెట్టడం కూడా ఇదే కోవ. 1993లో అమెరికన్ నాడీవైద్యుడు మైకేల్ వైన్‌ట్రాబ్ బ్యూటీ పార్లర్‌లో తల కడిగించుకున్నాక జబ్బుపడ్డ అయిదుగురు మహిళల గురించి రాశారు. 2022లో హైదరాబాద్‌లో 50 ఏళ్ళ మహిళకు అలాగే జరిగింది. తలస్నానం సెలూన్లు యాంగోన్‌లో మామూలే. తయో బెరడు, శీకాయ కలిపిన నురగతో తల కడిగించుకోవడం అక్కడి పాత అలవాటు. మానేయమని కాదు, మెడ కింద దళసరి తువ్వాలు పెట్టించుకోండి, మెడ విరవనివ్వకండి.

దీని చికిత్స మీద చాలాకాలం వాదన నడిచింది: ఆస్పిరిన్ లాంటిది చాలా, రక్తం పలుచబడే బలమైన మందే కావాలా? బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో జరిగిన కాడిస్ పరిశోధన 2015లో 250 మంది లెక్క చెప్పింది. మూడు నెలల్లో మళ్ళీ పక్షవాతం వచ్చినవారు ఆస్పిరిన్ వర్గం మందుల్లో 126 మందికి ముగ్గురు, బలమైన మందులో 124 మందికి ఒక్కరు. తేడా గట్టిగా తేలలేదు, ఏ మందైనా మళ్ళీ రావడం అరుదేనని మాత్రం తేలింది. మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు వాడతారు.

ఇప్పటిదాకా చెప్పింది రక్తం మెదడుకు వెళ్ళే దారి. తిరిగొచ్చే దారి, అంటే సిరలు, పూడుకున్నా మెదడు దెబ్బతింటుంది. ప్రపంచంలో మొత్తం పక్షవాతాల్లో దీని వాటా ఒక శాతం లోపే. మన దగ్గర మాత్రం ఇది ఎంత తరచుగా కనిపించేదంటే, నిమ్స్‌లో దీనికి ప్రత్యేక రిజిస్ట్రీ పెట్టారు. 2012లో వాళ్ళు 428 మంది లెక్క ప్రచురించారు. సగటు వయసు 31. ఇది బాలింతల జబ్బని అంతకుముందు పేరుండేది, కానీ ఇందులో 230 మంది మగవాళ్ళే! రక్తహీనత 79 మందిలో, హోమోసిస్టిన్ ఎక్కువగా ఉండటం 78 మందిలో, మద్యం అలవాటు 67 మందిలో, గర్భనిరోధక మాత్రలు 49 మందిలో, బాలింతతనం 42 మందిలో కనిపించాయి. హోమోసిస్టిన్ పెరగడానికి ఒక ముఖ్య కారణం బి12, ఫోలిక్ ఆమ్లం తక్కువ కావడం. చవక విటమిన్లతో దాన్ని దించవచ్చు.

బాలింతల సంగతి కాస్త చెప్పాలి. కాన్పు తర్వాత కొన్ని వారాలు రక్తం గడ్డకట్టే గుణం పెరిగి ఉంటుంది. సరిగ్గా అప్పుడే మన ఇళ్ళల్లో 'నీళ్ళు ఎక్కువ తాగితే పొట్ట దిగదు' అని మంచినీళ్ళు తగ్గిస్తారు. బర్మా ఇళ్ళల్లో పసుపు పూసి, వెచ్చటి గదిలో ఉంచి చెమట పట్టిస్తారు. రెండింటివల్లా ఒంట్లో నీరు తగ్గుతుంది, నీరు తగ్గితే రక్తం చిక్కబడుతుంది. కాన్పయిన రెండో వారంలో బాలింతకు తగ్గని తలనొప్పి, వాంతులు, ఫిట్స్ వచ్చాయంటే గాలి సోకిందని దిష్టి తీయకుండా స్కానింగ్‌కు తీసుకెళ్ళాలి. మామూలు సీటీలో ఇది తప్పిపోవచ్చు, సిరలు కనిపించేలా చేసే స్కాన్ కావాలని అడగాలి.

దీని వైద్యం వింటే మొదట భయం వేస్తుంది. సిర పూడినచోట వెనక్కి ఒత్తిడి పెరిగి మెదడులో రక్తం చిమ్మి ఉండవచ్చు. అయినా ఇచ్చేది రక్తం గడ్డకట్టనివ్వని హెపారినే. ఈ ధైర్యం 1991లో జర్మనీ వైద్యుడు ఐన్‌హోయ్‌ప్ల్ చేసిన ఓ చిన్న పరిశోధనతో వచ్చింది. రోగులు ఇరవై మందే. హెపారిన్ ఇచ్చిన పదిమందిలో ఎనిమిది మంది పూర్తిగా కోలుకున్నారు, ఇద్దరికి చిన్న లోపం మిగిలింది, ఒక్కరూ చనిపోలేదు. ఉత్తుత్తి మందు ఇచ్చిన పదిమందిలో పూర్తిగా కోలుకున్నది ఒక్కరే, చనిపోయినవారు ముగ్గురు. తేడా చూసి పరిశోధన మధ్యలోనే ఆపేశారు. ఇరవై మందితో తేలిన విషయం వైద్యశాస్త్రంలో ఇంతకాలం నిలబడటం అరుదు.

రక్తమే దోషి అయ్యే ఇంకో జబ్బు యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్. ఒంట్లో పుట్టిన కొన్ని ప్రతిదేహాలు రక్తాన్ని గడ్డకట్టించేస్తాయి. పడుచు ఆడవాళ్ళలో ఎక్కువ. పదేపదే గర్భస్రావం అయిన చరిత్ర ఉంటే డాక్టరుకు తప్పక చెప్పాలి. దీన్ని పట్టిచ్చే పరీక్షల్లో ఒకటి రక్తపింజర విషంతో చేస్తారు. రోగి రక్తంలోని పసుపుపచ్చ ద్రవాన్ని గాజు గొట్టంలో పోసి, బాగా పలుచన చేసిన విషం కలిపి, ఎన్ని సెకన్లకు గడ్డకడుతుందో కొలుస్తారు. విషం నేరుగా గడ్డకట్టే గొలుసు మధ్య లంకెనే కదిలిస్తుంది. ప్రతిదేహాలుంటే ఆ సెకన్లు పెరుగుతాయి. తియాగరాజన్, పెంగో, షాపిరో అనే ముగ్గురు 1986లో ఈ పరీక్షను ఈ జబ్బుకు వాడి చూపించారు. ఒకసారి తేలితే చాలదు, 12 వారాల తర్వాత మళ్ళీ చేసి ఖాయం చేసుకోవాలి.

ఆ పెంగోయే 2018లో ట్రాప్స్ పరిశోధన నడిపారు. జబ్బు తీవ్రంగా ఉన్న 120 మందిలో 59 మందికి కొత్త తరం మాత్ర రివరాక్సబాన్, 61 మందికి పాత వార్ఫరిన్ ఇచ్చారు. కొత్త మందు వర్గంలో నలుగురికి పక్షవాతం, ముగ్గురికి గుండెపోటు వచ్చాయి. పాత మందు వర్గంలో ఒక్కరికీ రాలేదు. కీళ్ళవాత జ్వరంతో కవాటాలు పాడై గుండె లయ తప్పినవాళ్ళలోనూ ఇదే తీర్పు. మన దేశంతో సహా 24 దేశాల్లో 4,531 మందిమీద జరిగిన ఇన్విక్టస్ పరిశోధన 2022లో ఫలితాలిచ్చింది. పక్షవాతం, గుండెపోటు, మరణం వంటివి కలిపి కొత్త మందులో 2,275 మందికి 560, వార్ఫరిన్ వర్గం మందులో 2,256 మందికి 446. వార్ఫరిన్ మోతాదు చూసుకునే ఐఎన్ఆర్ పరీక్షకు తిరగలేక 'కొత్త మాత్ర రాయండి సార్' అని అడిగేవాళ్ళు ఈ రెండు లెక్కలూ గుర్తుంచుకోవాలి.

రక్తపింజర పేరెత్తాం కాబట్టి ఒక మాట. బర్మా వరిపొలాల్లో ఈ పాము కాటు రైతులకు పాత శత్రువు. ఆ కాటుకు మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి రక్తం అందక, రక్తం చిమ్మి దెబ్బతింటుందని 1987లో బర్మా, బ్రిటన్ వైద్యులు లాన్సెట్‌లో రాశారు. కాటు తర్వాత మెదడు నాళాలు పూడి పక్షవాతం వచ్చిన తొమ్మిది మంది వివరాలను 2009లో శ్రీలంక వైద్యులు ప్రచురించారు. చికిత్స విషానికి విరుగుడే, గడ్డ కరిగించే ఇంజెక్షన్ కాదు. బర్మా రక్తపింజర, మన రక్తపింజర వేర్వేరు జాతులు కాబట్టి ఏ దేశంలో కాటుపడితే ఆ దేశపు పాములకు పనిచేసే విరుగుడే కావాలి.

గుండె పైగదుల మధ్య పుట్టుకతో ఉండే చిన్న కంత నలుగురిలో ఒకరికి పెద్దయినా పూడదు. చాలామందికి దానివల్ల ఏమీ కాదు. కారణం తేలని పక్షవాతం వచ్చినవాళ్ళలో, ఆ కంత పెద్దదైతే గొడుగులాంటి పరికరంతో మూస్తారు. 2017 నాటి ఫ్రెంచి పరిశోధన క్లోజ్‌లో మూసిన 238 మందిలో ఒక్కరికీ మళ్ళీ పక్షవాతం రాలేదు. మందులు మాత్రమే వాడిన 235 మందిలో 14 మందికి వచ్చింది. ఇది 60 దాటనివారి లెక్క. పెద్దవయసులో ఈ కంత మీదికి నేరం నెట్టడం తొందరపాటు. గుండె చికిత్సలు చేసే ఆసియా రాయల్ ఆస్పత్రి సంచౌంగ్ బహో రోడ్డులోనే ఉంది. అలాంటిచోట ఆ కంతను పట్టిచ్చే బుడగల ఎకో పరీక్ష చేస్తారా అని అడిగి చూడవచ్చు.

పిల్లల్లో పక్షవాతం అంటే మన్యం గుర్తుకు రావాలి. గిరిజనుల్లో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ జబ్బున్న పిల్లల్లో వైద్యం లేకపోతే ఇరవై ఏళ్ళలోపు నూటికి 11 మందికి పక్షవాతం వస్తుంది. 1998లో స్టాప్ పరిశోధన 130 మంది పిల్లల్ని తీసుకుంది. అందరికీ తలకు చేసిన డాప్లర్ పరీక్షలో రక్తవేగం సెకనుకు 200 సెంటీమీటర్లు, ఆపైన. క్రమంగా రక్తం ఎక్కించిన 63 మందిలో ఒకరికే పక్షవాతం, ఎక్కించని 67 మందిలో 11 మందికి. హైడ్రాక్సీయూరియా మాత్ర కూడా ఉపయోగపడుతుంది. మన దేశంలో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023 జులై 1న మొదలైంది. రక్తపరీక్షతో ఆగకుండా డాప్లర్ యంత్రం కూడా ఏజెన్సీ ఆస్పత్రులకు చేరాలి.

మిగతావి క్లుప్తంగా. మెదడు పొరల క్షయ మెదడు అడుగు ధమనులను వాచేలా చేసి పూడుస్తుంది, క్షయ మందులతోపాటు స్టెరాయిడ్లు ఇస్తారు. మోయామోయా జబ్బులో ప్రధాన నాళాలు క్రమేణా ఇరుకవుతాయి, నెత్తిమీది ధమనిని లోపలి నాళానికి కలిపే ఆపరేషన్ ఉంది. యాబా అనే మత్తు మాత్రల్లోని మెథాంఫెటమిన్ నాళాలను బిగించేస్తుంది, బీపీని ఎగదోస్తుంది. బర్మాలో కుర్రవాడికి పక్షవాతం వస్తే ఇంట్లోవాళ్ళు సిగ్గుపడినా డాక్టరు ఈ ప్రశ్న అడగక తప్పదు.

మీ ఇంట్లో యాభై లోపు వారికెవరికైనా పక్షవాతం వస్తే డిశ్చార్జి కాగితంలో 'కారణం' అని ఏం రాశారో చదవండి. ఏమీ రాయకపోతే మెడ నాళాలు చూశారా, గుండె ఎకో తీశారా, గడ్డకట్టే పరీక్షలు చేశారా అని అడగండి. తేలకపోతే మూడు నెలల తర్వాత మళ్ళీ వెళ్ళండి. ఫోన్ నంబరు రాసి గోడకు అంటించుకోండి: అంబులెన్స్‌కు యాంగోన్‌లో 192, ఆంధ్ర, తెలంగాణల్లో 108.