కోన్‌ను తాకకుండా: కారు కంపెనీల డ్రైవింగ్ పోటీలు ఎట్ల నడుస్తాయి?

మూకండపల్లి చుట్టుపక్కల ఉండే మనకి బండ్లు కొత్త కాదు. సిప్‌కాట్ రోడ్డులో కేబిన్ కూడా లేని లారీ చాసిస్‌ల మీద తలకు గుడ్డ చుట్టుకుని పోయే డ్రైవర్లను చిన్నప్పటి నుంచి చూస్తున్నాం. టీవీఎస్ 50 మోపెడ్ 1980లో బయటికొచ్చింది మన హోసూరు నుంచే. ఇక్కడి అశోక్ లేలాండ్ ఫ్యాక్టరీలో అందరూ ఆడవాళ్లే పనిచేసే ఇంజన్ లైను ఒకటి ఉంది. పోచంపల్లి దగ్గర కట్టిన స్కూటర్ ఫ్యాక్టరీని పూర్తిగా ఆడవాళ్లతోనే నడిపిస్తామని ఓలా ఎలక్ట్రిక్ 2021లో ప్రకటించింది. అంటే బండిని బిగించే పని మన చేతికి వచ్చింది. ఇంట్లో కారు తాళం మాత్రం చాలామందికి ఇంకా రాలేదు. "నీకెందుకమ్మా, నేను దింపుతాను కదా" అంటారు. ప్రేమగానే అంటారు. కానీ అట్ల ప్రేమగా దింపించుకుంటూనే డిగ్రీ అయిపోతుంది.

అందుకే ఈసారి గోడపత్రికకి ఈ విషయం ఎంచుకున్నాను. కారు కంపెనీలు అప్పుడప్పుడు మామూలు జనం కోసం డ్రైవింగ్ పోటీలు పెడుతుంటాయి. లైసెన్సు ఉన్నవాళ్లు ఎవరైనా పేరు ఇచ్చి నడపొచ్చు, లేనివాళ్లు పోయి చూడొచ్చు. వీటిని రేసులనుకుని మనం పట్టించుకోం. నిజానికి అక్కడ కొలిచేది ఏమిటో తెలిస్తే, ఇవి మనకి ఎంత దగ్గరి విషయమో అర్థమవుతుంది.

ఎన్ని రకాలు?

షోరూములో చేసే టెస్ట్ డ్రైవ్ మనకు తెలిసిందే. పక్కన సేల్స్ మనిషి కూర్చుంటాడు, ఒక రౌండు తిరిగి వస్తాం. పోటీలో అట్ల కాదు, గడియారం ఉంటుంది, నియమాలు ఉంటాయి.

మొదటి రకం ఆటోక్రాస్. ఖాళీ మైదానంలో ప్లాస్టిక్ కోన్‌లు పెట్టి వంకరటింకర దారి తయారుచేస్తారు. ఒకసారికి ఒకే కారు పోతుంది. పక్కన ఇంకో కారు ఉండదు కాబట్టి గుద్దుకునే భయం తక్కువ.

రెండో రకం మైలేజీ పోటీ. కొలిచిన పెట్రోలుతో ఎవరు ఎక్కువ దూరం పోతారో చూస్తారు. ఇందులో తొందరపడినవాళ్లు మొదటే ఓడిపోతారు.

మూడోది, కొత్త రేసర్లను వెతికే ఎంపిక. అందరికీ ఒకే రకం కారు ఇస్తారు. అప్పుడు డబ్బున్నవాళ్ల కారు గొప్పది అనే మాట ఉండదు, నడిపే మనిషిలో తేడా ఎంతో మాత్రమే తెలుస్తుంది. 2010లో ఫోక్స్‌వ్యాగన్ మన దేశంలో పోలో కార్లతో ఇట్లాంటి రేసులు మొదలుపెట్టింది. ఆ తర్వాత, మనకి దగ్గర్లోని బిడదిలో ఫ్యాక్టరీ ఉన్న టొయోటా కూడా ఎటియోస్ కార్లతో పెట్టింది. బైకుల్లో టీవీఎస్ రేసింగ్ ఆడవాళ్ల కోసం విడిగా ఒక విభాగమే నడుపుతోంది. నిస్సాన్ అయితే ప్లేస్టేషన్‌తో కలిసి ఇంకా వింత పని చేసింది. వీడియో గేములో బాగా నడిపేవాళ్లను ఏరి, శిక్షణ ఇచ్చి, నిజం కారు ఎక్కించింది. 2008లో మొదలైన ఆ పోటీ 2014లో మన దేశానికీ వచ్చింది. 2023లో వచ్చిన 'గ్రాన్ టురిస్మో' సినిమా ఆ పోటీ కథే.

అక్కడ ఏం జరుగుతుంది?

ముందు లైసెన్సు చూపించి పేరు రాయించుకోవాలి. తర్వాత ఒక కాగితం మీద సంతకం పెట్టమంటారు. నాకేమైనా అయితే నాదే బాధ్యత అనే మాట అందులో ఉంటుంది. ఆ తర్వాత హెల్మెట్ ఇస్తారు. కారులో హెల్మెట్ ఏమిటి అని నవ్వు వస్తుంది గానీ పోటీ అన్నాక అది తప్పదు.

దాని తర్వాత జరిగేది నాకు చాలా నచ్చింది. నడిపేవాళ్లందరూ కారు ఎక్కకముందు ఆ దారిని కాళ్లతో నడిచి చూస్తారు. ఏ కోన్ దగ్గర ఎడమకు తిరగాలి, ఎక్కడ బ్రేకు వెయ్యాలి అని మనసులో రాసుకుంటారు. పరీక్షకు ముందు మనం సిలబస్ తిరగేసినట్టే.

ఇక పరుగు. గీత దాటగానే గడియారం మొదలు, చివరి గీత దగ్గర ఆగుతుంది. కోన్‌కి తగిలితే మాత్రం శిక్ష ఉంది. ఒక్కో కోన్‌కి ఇన్ని సెకన్లు అని సమయానికి కలుపుతారు. ఎన్ని సెకన్లు అనేది ఆ పోటీ నియమాన్ని బట్టి మారుతుంది. లెక్క కోసం కోన్‌కి రెండు సెకన్లు అనుకుందాం. ఒకరు 46 సెకన్లలో వచ్చి మూడు కోన్‌లు పడేస్తే వాళ్ల లెక్క 52 సెకన్లు. ఇంకొకరు 50 సెకన్లు తీసుకుని ఒక్కటీ తాకకపోతే 50 సెకన్లే. రెండోవాళ్లదే గెలుపు. దారి తప్పి కోన్‌కి అటువైపు నుంచి పోతే ఆ పరుగే లెక్కలోకి రాకుండా పోవచ్చు.

పోయిన ఏడాది మా మామయ్యతో కలిసి బెంగళూరు వైపు ఒక మైదానంలో ఇట్లాంటి పోటీ చూశాను. నాకప్పుడు ఎల్‌ఎల్‌ఆర్ మాత్రమే ఉంది కాబట్టి తాడుకి ఇవతలే నిలబడ్డాను. చాలామంది అబ్బాయిలు మొదట్లోనే ఇంజన్ అరిచేట్టు యాక్సిలరేటర్ తొక్కారు. టైర్లు కీచుమన్నాయి, జనం ఈలలు వేశారు, మొదటి మలుపులోనే కోన్‌లు ఎగిరిపోయాయి. తర్వాత నలభై ఏళ్లు దాటిన ఒక ఆంటీ వచ్చారు. చెప్పులు విప్పి పక్కన పెట్టి ఎక్కారు. మైకులో "లేడీస్ వస్తున్నారు, అందరూ చప్పట్లు కొట్టండి" అన్నారు. అంతకుముందు నడిపిన ఎవరికీ ఆ మాట అనలేదు. ఆమె కారు చప్పుడే చెయ్యలేదు. చూసేవాళ్లకి నెమ్మదిగా పోతున్నట్టే అనిపించింది. ఒక్క కోన్ కూడా కదలలేదు. బోర్డు మీద సమయం రాసినప్పుడు ఈలలు వేయించుకున్నవాళ్లలో చాలామంది ఆమె కింద ఉన్నారు. బహుమతి ఆమెకి రాలేదు. కానీ ఆ బోర్డు వైపు చూసిన మామయ్య కొంచెంసేపు మాట్లాడలేదు.

చప్పుడు చెయ్యని కారు ఎందుకు ముందుంటుంది?

దీనికి కారణం టైరులో ఉంది. నాలుగు టైర్లూ నేలకు తగిలే చోటు, ఒక్కోటి మన అరచేయి అంత. రోడ్డుని పట్టుకునే శక్తి మొత్తం ఆ నాలుగు అరచేతులదే. ఆ శక్తికి ఒక హద్దు ఉంది. బ్రేకు వేసినా అందులోంచే ఖర్చవుతుంది, మలుపు తిప్పినా అందులోంచే. రెండూ ఒకేసారి గట్టిగా చేస్తే చాలక టైరు జారుతుంది. నెల జీతం ఒకేరోజు రెండు చోట్ల ఖర్చుపెట్టినట్టు. కీచుమనే చప్పుడు ఆ జారుడుదే. అందుకే నేర్చినవాళ్లు మలుపుకి ముందే, స్టీరింగు నేరుగా ఉన్నప్పుడే బ్రేకు వేస్తారు. వేగం తగ్గాక తిప్పుతారు. మలుపు నుంచి బయటికొస్తూ మెల్లగా యాక్సిలరేటర్ ఇస్తారు.

చూపు సంగతి కూడా ఉంది. ఎదురుగా ఉన్న కోన్‌నే చూస్తే చెయ్యి అటే పోతుంది. దాని తర్వాతి సందుని చూడాలి. టూవీలర్ లైసెన్సుకి ఎయిట్ వేసినవాళ్లకి ఇది తెలిసే ఉంటుంది. ముందు చక్రం వైపు చూస్తే కాలు కింద పడుతుంది, తర్వాతి మలుపు చూస్తే బండి దానంతటదే తిరుగుతుంది.

ఇదంతా మైదానంలో ఆట అనుకుంటే పొరపాటు. మన ఊరి మధ్యలో 44వ నంబరు జాతీయ రహదారి పోతోంది. గంటకి 40 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకి 11 మీటర్లు పోతుంది. ఎదురుగా ఏదో అడ్డం వచ్చిందని గుర్తించి కాలు బ్రేకు మీదికి పోవడానికి ఒక సెకను అనుకుందాం. ఎండిన రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే ఇంకో 9 మీటర్లలో ఆగుతుంది. మొత్తం 20 మీటర్లు. అదే 80 అయితే ఆ ఒక్క సెకనుకే 22 మీటర్లు పోతాయి, బ్రేకు వేశాక ఇంకో 35. మొత్తం 57. వేగం రెండింతలు అయితే బ్రేకు దూరం నాలుగింతలు అవుతుంది. వాన పడితే ఇంకా ఎక్కువ.

బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోతే స్టీరింగు తిప్పినా కారు తిరగదు. అది జరగకుండా చూసేదే ఏబీఎస్. 2019 నుంచి కొత్త కార్లకి దాన్ని తప్పనిసరి చేశారు. అది పనిచేసేటప్పుడు పెడల్ కాలికింద గడగడలాడుతుంది. తెలియనివాళ్లు భయపడి కాలు తీసేస్తారు. మైదానంలో ఒక్కసారి దాన్ని కాలితో తెలుసుకున్నవాళ్లు రోడ్డు మీద కాలు తియ్యరు.

మొదటి టెస్ట్ డ్రైవ్ ఒక అమ్మదే

1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆమె, భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మూడు చక్రాల కారుని, ఆయనకి చెప్పకుండా, ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని తీసుకుపోయింది. మన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌లోని పుట్టింటికి, సుమారు 106 కిలోమీటర్లు. అంత దూరం అప్పటివరకూ ఎవరూ కారులో పోలేదు. దారిలో ఇంధనం మందుల షాపులో కొన్నది. గొట్టం అడ్డుకుంటే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసుకుంది. బ్రేకు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడితో తోలు వేయించింది. ఎత్తులో కారు ఎక్కకపోతే కొడుకులు తోశారు. తిరిగొచ్చాక, ఎత్తు ఎక్కడానికి ఇంకో గేరు కావాలని భర్తకి చెప్పింది. టెస్ట్ డ్రైవ్ అంటే అదీ. నడిపి, లోపం కనిపెట్టి, తయారుచేసినవాళ్లకి చెప్పడం.

ఇంక మొదటి పోటీ. 1894 జూలైలో ఫ్రాన్సులో ఒక పత్రిక పారిస్ నుంచి రువాన్ దాకా గుర్రాలు లేని బండ్ల పోటీ పెట్టింది. 126 కిలోమీటర్లు. అందరికంటే ముందు చేరింది ఒక ఆవిరి బండి. కానీ దానికి బొగ్గు వెయ్యడానికి ఇంకో మనిషి కావాలి. బండి భద్రంగా, సులువుగా, తక్కువ ఖర్చుతో నడవాలనేది నియమం. అందుకని మొదటి బహుమతిని వెనకాల వచ్చిన పెట్రోలు బండ్ల కంపెనీలు రెండింటికి పంచారు. కోన్ పడితే సెకన్లు కలిపే నేటి లెక్క కూడా ఆ వరసలోదే.

మన వైపు చూస్తే, తమిళనాడులో తెలుగు ఇళ్లకి ఈ ఆటతో గట్టి సంబంధమే ఉంది. కోయంబత్తూరు కరివర్ధన్ మారుతి 800 ఇంజన్ తీసుకుని, తక్కువ ఖర్చులో ఫార్ములా మారుతి అనే రేసు కారు తయారుచేశారు. దానివల్లే మామూలువాళ్లు కూడా రేసుల్లోకి రాగలిగారు. అదే ఊరి తెలుగు కుటుంబంలో పుట్టిన నరేన్ కార్తికేయన్ ఫార్ములా మారుతిలో మొదలుపెట్టి, 2005లో ఫార్ములా వన్‌లో నడిపిన మొదటి భారతీయుడు అయ్యాడు. మనకి గంటన్నర దూరంలోని బెంగళూరు అమ్మాయి ఐశ్వర్య పిస్సే, టీవీఎస్ రేసింగ్ తరఫున బైకు నడిపే ఆమె, 2019లో బాజా ప్రపంచ కప్ మహిళల విభాగం గెలిచింది.

పోవాలనుకునేవాళ్లకి నాలుగు మాటలు

కంపెనీ ఇవన్నీ ఊరికే పెట్టదు. తన కారు మీద మనకి మోజు కలగాలి, మన ఫోన్ నంబరు దానికి దొరకాలి. నంబరు ఇచ్చే ముందు ఆలోచించుకోండి.

సంతకం పెట్టే కాగితం పూర్తిగా చదవండి. సొంత కారుతో పోతే ఇంకో జాగ్రత్త ఉంది. మామూలు కారు ఇన్సూరెన్సు రేసులకీ వేగం పరీక్షలకీ వర్తించదు. కంపెనీ ఇచ్చే కారైతే, దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిదని ముందే అడగండి.

ఇదంతా మూసిన మైదానంలోనే. అనుమతి లేకుండా రోడ్డు మీద రేసు పెట్టడం మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం.

చివరగా లైసెన్సు. పద్దెనిమిదేళ్లు నిండితే కారు ఎల్‌ఎల్‌ఆర్‌కి అర్హత వస్తుంది. అది ఆరు నెలలు పనిచేస్తుంది. ముప్పై రోజుల తర్వాత పరీక్షకి పోవచ్చు. మనలో ఫస్టియర్ వాళ్లు కూడా చాలామంది ఆ వయసు దాటారు. టీఎన్ 70 అని నంబరు ఇచ్చే ఆర్టీవో ఆఫీసు మన హోసూరులోనే ఉంది.

నేర్పమని ఇంట్లో అడిగితే "రోడ్డు మంచిది కాదు" అంటారు. నిజమే, మంచిది కాదు. అందుకే ఆదివారం పొద్దున ఏదైనా ఖాళీ మైదానానికి తీసుకుపోమని అడగండి. కోన్‌లు కొనక్కర్లేదు, నాలుగు నీళ్ల బాటిళ్లు చాలు. వాటిని వరసగా పెట్టి, ఒక్కటీ పడకుండా పోయి రండి. ముందు మొదటి గేరులోనే. పక్కన కూర్చున్న నాన్నగారికి ఆ బాటిళ్లే జవాబు చెప్తాయి.