జైలు గేటు దగ్గరే ఆగిపోతున్న బీమా

రాజమండ్రి జైలులోగాని, చర్లపల్లి జైలులోగాని ఖైదీకి జబ్బు ముదిరితే ఎస్కార్టు పోలీసులను వెంట ఇచ్చి సర్కారు ఆసుపత్రికి పంపడం తెలిసిందే. ఎస్కార్టు దొరికేదాకా రోగి మూలుగుతూ కూర్చోవలసి రావడం వేరే సంగతి. బిల్లు ఎవరు కట్టాలన్న పేచీ మాత్రం ఇక్కడ లేదు. అమెరికాలో అసలు పేచీ అదే.

అక్కడ వైద్యం చాలావరకు బీమా మీద నడుస్తుంది. పేదల కోసం 1965లో ‘మెడికెయిడ్’ అనే ప్రభుత్వ బీమా వచ్చింది. ఖర్చును కేంద్రం, రాష్ట్రాలు పంచుకుంటాయి. అయితే ఆ చట్టంలోనే ఒక మెలిక పెట్టారు. జైలులో ఉన్నవారి వైద్యానికి కేంద్రం సొమ్ము ఇవ్వదు. బయటి ఆసుపత్రిలో 24 గంటలకు మించి చేరి ఉంటేనే మినహాయింపు.

శిక్ష పడినవారికే ఈ నిబంధన అనుకుంటే పొరపాటు. నేరం రుజువు కాని విచారణ ఖైదీలకూ ఇదే వర్తిస్తున్నది. స్థానిక జైళ్లలో ఎక్కువమంది వారే. బెయిలు సొమ్ము కట్టగలిగినవాడు ఇంటి దగ్గర ఉండి బీమాతో మందులు తెచ్చుకుంటాడు. అదే కేసులో ఆ సొమ్ము లేనివాడికి బీమా కూడా ఉండదు. ఇదెక్కడి న్యాయమో చట్టం చేసినవారికే తెలియాలి.

హక్కు ఉంది, పైకం లేదు

టెక్సాస్ జైలులో 1973లో పత్తి బేలు మీదపడి గాంబుల్ అనే ఖైదీ నడుము దెబ్బతిన్నది. సరైన వైద్యం చేయలేదని అతను దావా వేశాడు. ఖైదీ జబ్బును తెలిసి తెలిసి నిర్లక్ష్యం చేయడం రాజ్యాంగ విరుద్ధమని 1976లో సుప్రీంకోర్టు తేల్చింది. వైద్యుడి మీద గాంబుల్ ఫిర్యాదు మాత్రం నిలవలేదు! తీర్పుతో ఖైదీలకు వైద్యం హక్కు అయింది. ఖర్చు రాష్ట్రాల మీద, కౌంటీల మీద పడింది. డాక్టరును చూడాలంటే కొన్ని డాలర్లు ఖైదీ దగ్గరే వసూలు చేసే రాష్ట్రాలు అనేకం. జైలు పనికి గంటకు డాలరైనా రాని చోట్ల అది చిన్న మొత్తం కాదు.

విడుదలైతే మరో గండం

జైలుకు వెళ్లగానే బీమా రద్దు చేస్తే, బయటికి వచ్చాక మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. అది మంజూరయ్యేదాకా మధుమేహ రోగికి ఇన్సులిన్, మానసిక రోగికి మాత్రలు ఎక్కడినుంచి వస్తాయి? వాషింగ్టన్ రాష్ట్రంలో విడుదలైన 30 వేలకు పైగా ఖైదీలపై జరిపిన అధ్యయనం 2007లో వెలువడింది. విడుదలైన మొదటి రెండు వారాలలో వారికి మరణ ప్రమాదం సాటి ప్రజలకంటే దాదాపు 13 రెట్లు ఉన్నట్లు తేలింది. మాదకద్రవ్యాల మోతాదు మించి పోయినవారే ఎక్కువ.

చివరకు 2023 జనవరిలో కాలిఫోర్నియాకు కేంద్రం సడలింపు ఇచ్చింది. అర్హులైన ఖైదీలకు విడుదలకు ముందు 90 రోజుల పాటు కొన్ని సేవలకు మెడికెయిడ్ సొమ్ము వాడవచ్చు. వెళ్లేనాడు మందులు చేతికిచ్చి పంపాలి. తర్వాత మరికొన్ని రాష్ట్రాలకూ ఇటువంటి అనుమతులు వచ్చాయి. ఇంకా ఏళ్ల తరబడి శిక్ష మిగిలి ఉన్నవారికి మాత్రం 1965 నాటి నిబంధనే నడుస్తున్నది.