కానుకకు మారుకానుక

న్యూజిలాండు దేశమున లెవిన్ అను చిన్న పట్టణము కలదు. 1999లో అచ్చటి హోరోఫెనువా గ్రంథాలయమువారి పాత కంప్యూటరు వ్యవస్థ 2000వ సంవత్సరమును గుర్తింపజాలదని తేలినది. అంగడిలో దొరకునవి వారికి పొసగలేదు. అందుచే కటిపో అను సంస్థచేత క్రొత్తదానిని వ్రాయించి, 2000 జనవరిలో వాడుకకు తెచ్చిరి. దానికి పెట్టిన పేరు ‘కోహా’. మావోరీ భాషలో కోహా యనగా అతిథి తెచ్చు కానుక. పుచ్చుకొన్నవారు తిరిగి యిచ్చుట అందలి మర్యాద.

పేరుకు తగినట్లే దానిని లోకమునకు ఉచితముగ నిచ్చిరి. ఎవరైనను వాడవచ్చును, మార్చవచ్చును. మార్చినదానిని పంచినచో అదే స్వేచ్ఛతో పంచవలెను. నేడు దేశదేశములవారు దీనిని దిద్దుచున్నారు. ఒకరు వ్రాసిన దిద్దుబాటును వేరొకరు పరీక్షింపవలెను. పిదప మరియొకరు నాణ్యము చూడవలెను. తన వ్రాతకు తానే సాక్షి కారాదు. ప్రోగ్రాము వ్రాయనేరని గ్రంథపాలకుడును ఈ పరీక్షకు అర్హుడే.

2011లో ఒక వ్యాపారసంస్థకు ఆ పేరు న్యూజిలాండులో వ్యాపారచిహ్నముగ దక్కు స్థితి యేర్పడినది. గ్రంథాలయమువారు ప్రతిఘటించిరి. పలు దేశములనుండి ధనసహాయము వచ్చినది. 2013లో తీర్పు వారి పక్షమున వెలువడినది. ఇచ్చిన కానుక ఆపదవేళ మరలివచ్చినది.

మన దేశమున అనేక కళాశాలలలోను కోహా పనిచేయుచున్నది. ఉచితమని పుచ్చుకొనుట సులభము. కనబడిన లోపమును తెలుపుట, ఒక తెలుగు మాటను చేర్చుట—అంతమాత్రమైనను మారుకానుకయే.