క్లాసిక్ 350: పాత రూపంలో పుట్టిన కొత్త యంత్రం

గుండ్రని హెడ్‌లైటు, నీటిబొట్టు ఆకారపు పెట్రోలు ట్యాంకు, దాపరికం లేకుండా బయటికి కనిపించే ఇంజను, క్రోమియం పూత పూసిన పొడవాటి సైలెన్సరు వంటి 1950ల నాటి రూపురేఖలను తీసుకొని, వాటి వెనుక నేటి ఇంజనును, బ్రేకులను, ఎలక్ట్రానిక్ పరికరాలను అమర్చిన మోటారు సైకిళ్లను వాహన పరిశ్రమ రెట్రో అని పిలుస్తుంది. ఇటువంటి బండ్లు చాలావరకు ఒక మరణం తరువాత పుట్టినవే. బ్రిటన్‌లో ట్రయంఫ్ సంస్థ 1959లో విడుదల చేసిన బోనెవిల్‌ను తయారుచేసే మెరిడెన్ కర్మాగారం 1983లో మూతపడగా, సంస్థ పేరును కొనుక్కున్న జాన్ బ్లోర్ హింక్లీలో కొత్త కర్మాగారం నెలకొల్పిన తరువాత, 2001లో అదే పేరుతో, దాదాపు అదే రూపంతో కొత్త బండి వెలువడింది. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బ్యురేటరును తీసివేసి ఆ స్థానంలో ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌ను అమర్చవలసి వచ్చినప్పుడు, ఆ సంస్థ కొత్త పరికరానికి పాత కార్బ్యురేటరు ఆకారాన్నే తొడిగింది. 2016 నమూనాలో ఇంజనును చల్లబరచే భారం ద్రవం మీద పడినా, గాలితో చల్లబడే ఇంజన్లకు అవసరమైన పలుచని లోహపు రెక్కలు సిలిండరు చుట్టూ అలాగే నిలిచాయి.

భారతదేశపు కథ వేరు, ఎందుకంటే ఇక్కడ పాత బండి చనిపోనేలేదు. ఇంగ్లండులోని రెడిచ్ పట్టణానికి చెందిన రాయల్ ఎన్‌ఫీల్డ్ 1932 నుంచి బులెట్ అనే పేరును వాడుతూ వచ్చినా, ఇక్కడివారు ఎరిగిన బులెట్‌కు మూలం రెండవ ప్రపంచ యుద్ధం తరువాత వచ్చిన 350 సీసీ నమూనా. భారత సైన్యం దానిని ఎంచుకోవడంతో 1955లో మద్రాసు మోటార్స్ భాగస్వామ్యంతో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. మొదట ఇంగ్లండు నుంచి వచ్చిన భాగాలను బిగించడానికే పరిమితమైన తిరువొత్తియూరు కర్మాగారం క్రమంగా వాటిని తానే తయారుచేసుకోసాగింది. రెడిచ్ సంస్థ 1970 నాటికి కనుమరుగైనా, మద్రాసులో బులెట్ మౌలికమైన మార్పేదీ లేకుండా దశాబ్దాల పాటు తయారవుతూనే ఉంది. దీనిని సంప్రదాయ నిష్ఠగా కీర్తించేవారు ఉన్నారు గాని, లైసెన్సుల కాలంలో గట్టి పోటీ లేకపోవడం, కొనేవారికి వేరే దారి లేకపోవడం అంతకంటె నమ్మదగిన కారణాలు. సైన్యం, పోలీసు శాఖ, పంజాబులో పాల క్యాన్లు మోసే వ్యాపారులు, తెలుగు పల్లెల్లో మోతుబరి రైతులు, కాంట్రాక్టర్లు దాని నికరమైన కొనుగోలుదారులు. కిక్కును మెల్లగా నొక్కుతూ ఆమ్మీటరు ముల్లు మధ్యకు వచ్చిన క్షణాన్ని కనిపెట్టి, డీకంప్రెషన్ మీటతో సిలిండరులోని ఒత్తిడిని వదిలి, పిస్టన్‌ను పైఅంచు దాటించి, ఆపైన బలంగా తన్నితే గాని స్టార్టు కాని ఈ బండికి, 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100 వంటి తేలికపాటి, తక్కువ పెట్రోలు తాగే బండ్లు గట్టి దెబ్బ కొట్టాయి. 1994లో సంస్థ ఐషర్ చేతికి వచ్చింది. 2000లో ఐషర్ యజమానుల కుటుంబానికి చెందిన సిద్ధార్థ లాల్ ఇరవయ్యారేళ్ల వయసులో దాని బాధ్యత స్వీకరించాడు.

బులెట్ స్వభావం పోకుండా దానిని ఎలా నవీకరించాలన్న, ఆయన ముందున్న ప్రశ్న పైకి వ్యాపార ప్రశ్నలాగా కనిపించినా, నిజానికి భౌతిక శాస్త్రానికి సంబంధించినది. బులెట్‌ను ఇష్టపడేవారు దాని చప్పుడును, అదురును ఒకే గుణంగా భావించేవారు. అదురు పోతే చప్పుడూ పోతుందని భయపడేవారు. ఇంజనీరు దృష్టిలో మాత్రం ఇవి రెండు వేర్వేరు విషయాలు. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఒక సిలిండరు రెండు చుట్లకు ఒకసారి మాత్రమే మండుతుంది గనుక, నిమిషానికి వెయ్యి చుట్ల వద్ద ఒంటి సిలిండరు ఇంజను సైలెన్సరు గుండా సెకనుకు ఎనిమిది పైచిలుకు పేలుళ్లను వెలువరిస్తుంది. సెకనుకు సుమారు ఇరవైకి లోబడిన చప్పుళ్లను మనిషి చెవి విడివిడిగా గుర్తిస్తుంది, అంతకు మించితే అవి కలిసిపోయి ఒకే స్వరంగా వినిపిస్తాయి. అదే వేగంతో తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజనులో పేలుళ్లు సెకనుకు ముప్పై మూడు కావడం వల్ల అది గుమ్మని మూలుగుతుంది; బులెట్ మాత్రం డుగ్ డుగ్ మంటుంది. అంత తక్కువ వేగంలోనూ ఇంజను ఆగిపోకుండా తిప్పేది ఫ్లైవీల్ అనే బరువైన చక్రం. పిస్టన్ ప్రయాణించే దూరం సిలిండరు వ్యాసం కంటె ఎక్కువగా ఉండే దీర్ఘ స్ట్రోకు అమరిక కూడా తక్కువ చుట్ల వద్ద నిదానంగా లాగే స్వభావానికి అనువైనది. పాత బులెట్‌లో ఆ కొలతలు 70 మిల్లీమీటర్ల వ్యాసం, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు. ఇక అదురుకు మూలం పేలుడు కంటె ఎక్కువగా పిస్టన్ బరువు: అది పైకీ కిందికీ వెళ్లి ప్రతిసారీ ఆగి వెనుదిరిగేటప్పుడు పుట్టే బలమే హ్యాండిలును, ఫుట్‌రెస్టులను వణికిస్తుంది.

2009లో భారతదేశంలో విడుదలైన క్లాసిక్ ఈ చిక్కుముడిలో సగమే విప్పింది. 1940ల చివరినాటి జె2 నమూనా ఛాయలున్న రూపంతో, ఒంటి సీటుతో వచ్చిన ఈ బండి నిజానికి అప్పటి బులెట్ కంటె కూడా పాతదిగా కనిపించేది. లోపల మాత్రం పోత ఇనుప సిలిండరు గల పాత ఇంజనుకు బదులు యూనిట్ కన్‌స్ట్రక్షన్ ఇంజను ఉండేది. అంటే ఇంజను, గేర్‌బాక్సు ఒకే పెట్టెలో ఒదిగి, వాటి మధ్య అతుకులు తగ్గి, ఆ అతుకుల గుండా ఆయిలు కారే అపఖ్యాతి చాలావరకు తొలగింది. ఎలక్ట్రిక్ స్టార్టరు అమరింది. పాత బులెట్‌లో కుడికాలి కింద ఉన్న గేరు ఎడమకు, ఎడమకాలి కింద ఉన్న బ్రేకు కుడికి మారాయి. అదురు మాత్రం మిగిలింది.

2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 కాలుష్య నిబంధనలు కార్బ్యురేటరుకు చోటు లేకుండా చేయగా, 2021 సెప్టెంబరులో క్లాసిక్‌ను పూర్తిగా కొత్త 349 సీసీ ఇంజనుతో మళ్లీ విడుదల చేశారు. 72 మిల్లీమీటర్ల వ్యాసం, 85.8 మిల్లీమీటర్ల స్ట్రోకు గల ఈ ఇంజనులో క్రాంకుకు ఎదురు దిశలో, అదే వేగంతో తిరిగే బ్యాలన్సర్ షాఫ్టు ఉంది. దాని బరువు పిస్టన్ పుట్టించే బలానికి ఎదురుబలాన్ని కల్పించి అదురులో ప్రధాన భాగాన్ని రద్దు చేస్తుంది, కాని సైలెన్సరు గుండా వచ్చే పేలుళ్ల లయను అది ముట్టుకోదు. ఒకటే అనుకున్న రెండు గుణాలు ఇక్కడ విడిపోయాయి. హెడ్‌లైటుకు ఇరువైపులా ఉండే చిన్న పైలట్ దీపాలు అవసరం తీరిపోయినా అలాగే ఉండి, 2024లో ఎల్ఈడీలుగా మారాయి. కిక్కు మాత్రం పోయింది. పాత వస్తువులలో దేనిని ఉంచాలి, దేనిని వదలాలి అన్న ఈ ఎంపికకు చరిత్ర పట్ల విశ్వాసం కంటె కొనేవారి ఓపిక ప్రమాణమైందని చెప్పవచ్చు.

ఆ కొనేవారెవరన్నది ఆలోచించదగిన విషయం. బోనెవిల్ పునర్జన్మకు యౌవనంలో ఆ బండిని నడిపినవారి, నడపాలని ఆశపడినవారి జ్ఞాపకాలు అండగా నిలిచాయి. క్లాసిక్‌ను కొన్న హైదరాబాదు, బెంగళూరు ఉద్యోగులలో ఎక్కువమంది పాత బులెట్‌ను ఒక్కసారైనా కిక్కు కొట్టి ఎరుగరు. వారికి గుర్తున్నది నాన్న బండో, ఊరి పెద్దమనిషి బండో, సినిమాలో కథానాయకుడి బండో తప్ప స్వానుభవం కాదు. 2021లో మోహన భోగరాజు పాడిన ‘బుల్లెట్టు బండి’ పాట తెలుగు పెళ్లిళ్లలో మార్మోగడాన్ని బట్టి, ఆ పేరుకున్న హోదా బండి మారినా చెక్కుచెదరలేదని తెలుస్తుంది. 195 కిలోల బరువుకు ఇరవై అశ్వశక్తి మాత్రమే గల క్లాసిక్ కంటె, ఇంచుమించు అంతే పరిమాణపు ఇంజను గల కేటీఎం 390 డ్యూక్ రెట్టింపునకు పైగా శక్తినిస్తుంది. అయినా సగటు వేగం పెద్దగా పెరగని నగర రహదారులలో, అరకు, శ్రీశైలం ఘాట్ రోడ్లలో తరచుగా గేర్లు మార్చనక్కరలేకుండా నిదానంగా లాగే గుణానికి విలువ ఎక్కువ. 2010లో ఏడాదికి యాభై వేల ప్రాంతంలో ఉన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ అమ్మకాలు 2024-25లో 10 లక్షలు దాటాయి.

పోటీదారులు కూడా ఈ లెక్కను గమనించారు. 2018లో తిరిగి వచ్చిన జావా, పాత రెండు స్ట్రోకుల ఇంజనును కాలుష్య నిబంధనల వల్ల తేలేక, ద్రవంతో చల్లబడే నాలుగు స్ట్రోకుల ఒంటి సిలిండరుకే పాతకాలపు జంట సైలెన్సర్లను తగిలించింది. వంద సీసీ బండ్లతో ఒకప్పుడు బులెట్‌ను మూలకు నెట్టిన హోండా, 2020లో తెచ్చిన హైనెస్ సీబీ350కి 70 మిల్లీమీటర్ల వ్యాసాన్ని, 90.5 మిల్లీమీటర్ల స్ట్రోకును, అంటే ఇంచుమించు పాత బులెట్ కొలతలనే ఎంచుకొంది. ఈ బండ్లన్నీ 350 సీసీ లోపే ఉన్నాయి. 2025 సెప్టెంబరులో వస్తుసేవల పన్ను మారినప్పుడు ప్రభుత్వం కూడా ఆ గీతనే పాటించి, 350 సీసీ వరకు 18 శాతం, ఆపైన 40 శాతం పన్ను విధించడంతో, 349 సీసీ క్లాసిక్ ఒక్క ఘన సెంటీమీటరు తేడాతో చౌక వైపున నిలిచింది.